ముద్దకి ఎంగిలి లేదంటారు

మే 3, ఆదివారం

ఈ ఏడాది ఆవకాయ అయిపోయింది. నా నడుమూ అయిపోయింది. అత్తయ్యగారు కుర్చీ వేసుకుని పోలీసు డ్యూటీ చేశారు. తడి చెయ్యి తగలకూడదు, ఎంగిలి గరిటె ఈ ఛాయలకి రాకూడదు, తుమ్మొస్తే బయటికి పో. జాడీకి వాసెన కట్టేదాకా ఆవిడ నవ్వలేదు.

అసలు పండగ తర్వాత. ఆవకాయ కలిపిన బేసిన్‌లోనే వేడి అన్నం, నెయ్యి వేసి కలిపాను. మా ఆయన అక్క రామతులసి వదిన మొవ్వ నుంచి కొడుకులిద్దరినీ తీసుకొచ్చింది. వాళ్ళూ మా కీర్తనా చుట్టూ చేరితే ముద్దలు చేసి నోళ్ళలో పెట్టాను. మధ్యమధ్య నేనూ ఒకటి. మరి ఇది ఎంగిలి కాదా అని అత్తయ్యగారిని ఏడిపించాను. పిల్లల ముద్దకి ఎంగిలేంటే అన్నారు. జాడీకి ఒక చట్టం, మనుషులకి ఇంకోటి. కీర్తన నా వేళ్ళు కూడా నాకేసింది. ఆరేళ్ళకే అంత కారం తింటుంది, దొంగపిల్ల.

కారం పట్టించిన రోజు నుంచి నాకు గొంతులో గరగర. ఘాటు పడలేదు.

మే 6

కీర్తన అన్నం వద్దంది. గొంతు నొప్పట. అత్తయ్యగారు ఒక్క ముక్కలో తేల్చేశారు, కొత్తావకాయ వేడి చేసిందని. ఇద్దరికీ సబ్జా నీళ్ళు, మజ్జిగ. పక్క ఫ్లాట్ అమలమ్మగారు కూడా మా ఇంట్లోనూ అంతేనండీ, ఆవకాయ పెడితే వారం పాటు గొంతులు ఇంతే అన్నారు. నిశ్చింతగా ఆఫీసుకి వెళ్ళాను.

మే 8

జ్వరం పెద్దగా లేదు. కానీ మెడ వాచింది. గవదబిళ్ళలేమోనని అత్తయ్యగారు సున్నం, బెల్లం పట్టు వేశారు. పడుకుంటే గురక పెడుతోంది. ఎప్పుడూ లేదు.

మే 9, ఉదయం

ఫోన్ టార్చ్ వేసి నోరు తెరిపించాను. గొంతులో బూడిదరంగు తెర, కాచిన పాల మీద మీగడలా. పెరుగు అంటుకుందేమోనని గుడ్డతో తుడవబోయాను. రాలేదు. రక్తం వచ్చింది.

ఆటో కోసం దిగుతున్నాం.

మధ్యాహ్నం

డాక్టర్ జీవరత్నంగారు చూడగానే మాస్కు పెట్టుకుని, మా అందరికీ పెట్టించి, తిన్నగా పెద్దాసుపత్రికి పంపించేశారు. వెంట తనూ వచ్చారు. డిఫ్తీరియా అట. అత్తయ్యగారికి అర్థం కాలేదని కంఠసర్పి అండీ అన్నారు. ఆ మాట వినగానే అత్తయ్యగారు వరండాలో నేల మీద కూర్చుండిపోయారు. ఆవిడ చిన్న తమ్ముడిని తీసుకుపోయింది అదేనట. ఇప్పుడు లేదనుకున్నానమ్మా, ఎప్పుడో పోయిందనుకున్నాను అని అదే మాట.

బూస్టర్లు వేయించారా అని అడిగారు. ఒకటి లాక్‌డౌన్‌లో పోయింది. ఐదేళ్ళది, ఆ రోజు దానికి జలుబని వాయిదా వేశాం. వాయిదా అలాగే ఉంది.

నీకూ గొంతు నొప్పి కదా అని నన్ను వేరే గదిలో పెట్టారు. అది అమ్మా అని పిలిచింది. అరవడానికి కూడా గొంతు లేదు.

సాయంత్రం

ఈ రోగం ఒంట్లోకి చిమ్మే విషానికి విరుగుడు ఇంజెక్షన్ కావాలి. ఊళ్ళో లేదు. హైదరాబాద్‌లో దొరికింది, కారులో బయలుదేరింది. మా ఆయన కిటికీ అవతల నిలబడి చెబుతున్నాడు. సూర్యాపేట దాటిందట. నందిగామ దగ్గర జామ్ అట. ఆటోనగర్‌లో లారీలు బాగుచేయించే మనిషి, ప్రతి లారీనీ తిడుతున్నాడు.

అమ్మా దుర్గమ్మా, ఆ కారు రానీ. దానికి ఊపిరాడనీ. నాది తీసుకో.

మే 10

ఇంజెక్షన్ పడింది. ఇక చూడాలి అన్నారు. ఏం చూడాలి?

మే 11

నా గొంతులో కూడా అదే ఉంది. రిపోర్ట్ వచ్చింది.

దగ్గుతోనూ తుమ్ముతోనూ వస్తుంది, దగ్గర కూర్చుని మాట్లాడినా తుంపరతో వస్తుంది, ఎంగిలితోనూ వస్తుంది అని చెప్పి, ఇంట్లో ఎవరెవరు కలిసి తిన్నారు అని అడిగారు డాక్టరుగారు. ముద్దల సంగతి చెప్పాను. రాస్తున్న పెన్ను ఆగింది.

నా నోటి నుంచి నా చేతికి. నా చేతి నుంచి దానికి. నేనే.

వదినకి ఇప్పుడే చెప్పకు అన్నాడు ఆయన. మొవ్వంతా పాకుతుంది, పిల్ల బాగయ్యాక చెబుదాం అన్నాడు. పాకేది మాట కాదు, రోగం అని అరిచాను. నేనే ఫోన్ చేశాను. చిన్నవాడికి నిన్నటి నుంచి గొంతు నొప్పట. సబ్జా నీళ్ళు పోస్తోందట! పెద్దవాడు రోజూ కూచిపూడి డాన్సు క్యాంపుకి వెళ్తున్నాడట. వదినా, ఇప్పుడే బయలుదేరు, వేడి కాదది, క్యాంపు వాళ్ళకి కూడా చెప్పు అన్నాను. నన్ను అనరాని మాటలన్నీ అని బయలుదేరింది.

మే 12

చిన్నవాడికి అదే. కానీ తెర కట్టకముందే పట్టుకున్నారు. గండం లేదన్నారు. క్యాంపు పిల్లలందరికీ గొంతు పరీక్షలు, మాత్రలు, టీకాలు. వదిన నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోనీ. పిల్లాడున్నాడు.

అత్తయ్యగారికి పరీక్షలో ఏమీ లేదు. టీకా వేసి, మాస్కు, గౌను తొడిగి కీర్తన దగ్గర కూర్చోబెట్టారు. చేతులు కడిగీ కడిగీ తోలు ఊడుతోందట.

మే 14

ఊపిరి తేలికైంది. తెర ఊడుతోంది. ఏడ్చాను.

డాక్టరుగారు పూర్తిగా ఏడవనివ్వలేదు. ఆ విషం ఇప్పుడు గుండె మీదికి వెళ్ళొచ్చట. మంచం దిగకూడదు, లేచి కూర్చోకూడదు. ఆరేళ్ళ పిల్ల!

మే 18

ఈసీజీ బాగాలేదు.

మే 19

వీడియో కాల్‌లో పైకప్పు కనిపించింది. అత్తయ్యగారు ఫోన్ పిల్ల వైపు తిప్పలేదు. ఒక్కసారి దాని పక్కన కూర్చోనివ్వండి అని అడిగాను. ఒప్పుకోలేదు. నర్సు చేయి పట్టుకుని లాగానట. తర్వాత చెప్పారు.

మే 20

ఉంది.

మే 24

గుండె కుదుటపడుతోందట. కీర్తన ఫోన్‌లో మాట్లాడింది. మాట ముక్కుతో వస్తోంది. నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తున్నాయట. అంగుడు చచ్చుబడింది, మెల్లగా తిరిగి వస్తుంది అన్నారు. పెరుగన్నం మెత్తగా పిసికి పెడితే మింగుతోందట. ఆ ముక్కు గొంతుతో నువ్వెప్పుడొస్తావు అంది. అంతకంటే మంచి సంగీతం వినలేదు నేను.

మే 29

రెండోసారి కూడా నా గొంతు శుభ్రమని వచ్చింది. రేపు పంపిస్తారు దాని దగ్గరికి.

మే 30

మోచేతుల దాకా కడుక్కుని వెళ్ళాను. అత్తయ్యగారు లేచి, ఒక్క ముద్ద నువ్వు పెట్టమ్మా, నీ కోసమే చూస్తోంది అన్నారు. పెరుగన్నం కలిపి నోటి దగ్గరికి తీసుకెళ్ళాను.

కీర్తన అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

వద్దమ్మా, నీ వేళ్ళకి నా ఎంగిలి తగులుతుంది, మళ్ళీ నిన్ను గదిలో పెట్టేస్తారు అంది. ఆవకాయ రోజు నీ వేళ్ళు నాకాను కదా, నా వల్లే కదా నీకు వచ్చింది, సారీ అంది.

లేదు తల్లీ అన్నాను.

చెంచా తెచ్చాను.