ఎడమవైపు ముడి

మొగుళ్లపల్లి,
3-8-1983

ప్రియమైన సఫియాకు,

వేసవి అంతా ఒంట్లో నలతగా ఉండి సెలవులోనే ఉన్నాను. పనేమీ లేకపోయినా అలసట మాత్రం పోవడం లేదు. కూర్చుంటే లేవాలనిపించదు, లేస్తే నిలబడాలనిపించదు.

నీతో పనిపడి రాస్తున్నాను. పని ఉంటేనే గుర్తొస్తానా అని నువ్వు తిట్టేది ఇక్కడికే వినపడుతోంది. సెప్టెంబర్ 5న మా బడిలో టీచర్లందరం పాతకాలం నాటకం ఒకటి వేస్తున్నాం. విమల అని కొత్తగా వచ్చిన టీచరుది బేగం వేషం. పలుచని కుర్తీ కింద మీ అమ్మ కాలంలో తొడుక్కునే చోళీ కావాలి. ఇప్పటి బాడీలు వేస్తే పైబట్ట ఆ కాలంలా నిలబడదు. మీ అమ్మ గుల్షన్ బేగం ఎదకు రెండు ముక్కలు వేర్వేరుగా కత్తిరించి, వీపున దారాలతో ముడి వేసుకునేలా చేత్తో కుట్టేది కదా, అచ్చం అలాంటిది.

అది లేకపోతే నలుగురిలోకి రానని విమల మొండికేసింది. ఐదో తారీఖు దాటితే ఇక లాభం లేదు. కొలతలు మీ ఇంటి పద్ధతిలోనే దారానికి ముడులు వేసి పంపుతున్నాను. మా ఆయన వెంకట్రాం నిన్నూ మీ ఆయన అక్తర్‌నూ అడిగానని చెప్పమన్నాడు.

నీ జవాబు కోసం చూస్తూ,
సరళ


జనగామ,
9-8-1983

ప్రియమైన సరళా,

తిట్టే ఓపిక కూడా లేదు, బతికిపోయావు. పంద్రాగస్టుకని బడిపిల్లల బట్టలు కుట్టి కుట్టి మెడ పట్టేసింది. సాయంత్రమయ్యేసరికి కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. "మిషన్‌ను జర పండనియ్యి, నువ్వు గుడ పండు" అంటాడు మా అక్తర్.

అయినా నీ పని కాదనగలనా? అమ్మ చోళీలు ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. ఆదివారం రైలెక్కి మహబూబాబాదులో ఉన్న మా ఖాలా దగ్గరికి పోయాను. అమ్మ చెల్లెలు, నువ్వెరుగుదువు. పెట్టె అడుగు నుంచి ఒకటి తీసి ఇస్తూ, "గిప్పుడు గివి ఎవలు తొడుగుతరే? ముడి ఏసేతందుకు ఒక మనిషి, ఇప్పేతందుకు ఒక మనిషి ఉండాలె. గా తిప్పలన్ని మేం పడ్డం" అని నవ్వింది. ఇంటికి తెచ్చి కుట్లన్నీ విప్పాను. తొమ్మిది ముక్కలు. చంక కింద అరచేయంత కూడా లేని నాలుగుమూలల ముక్క ఒకటి ఉంది. చేయి పైకెత్తినా బట్ట లేవకుండా ఉండేది దానివల్లేనని ఇన్నేళ్ళకు తెలిసింది.

నీ దారం చూశాను. భుజం నుంచి నడుము దాకా ముడి ఉంది, చుట్టుకొలతకు ఉంది, కుడి కటోరీకి ఉంది. కటోరీ అంటే గుర్తుందిగా, ఎదమీద గిన్నెలా వచ్చే ముక్క. ఎడమవైపుకు మాత్రం ముడి లేదు. మరిచిపోయినట్టున్నావు, వెంటనే పంపు.

మెడనొప్పితో,
నీ సఫియా


మొగుళ్లపల్లి,
14-8-1983

ప్రియమైన సఫియాకు,

ఎడమది కూడా కుడిదానిలాగే వేసుకో. దీనికి మళ్ళీ దారం దేనికి?

మహబూబాబాదు దాకా పోయి శ్రమపడ్డావు. నావల్ల నీకన్నీ తిప్పలే. ఇక్కడ ముసురు పట్టింది. రోజంతా పడుకునే ఉంటున్నాను. ఎక్కువ రాయలేను.

నీ
సరళ


జనగామ,
19-8-1983

ప్రియమైన సరళా,

ముందు నా కొలతలతో ఒక చోళీ కుట్టి చెడగొట్టాను. తొడిగిచూస్తే ముందు అంతా ముడతలే. రెండు రోజులు తల పట్టుకున్నాక అర్థమైంది. నేను మల్మల్‌ను నిలువుగా కత్తిరించాను, అమ్మ ఏటవాలుగా, క్రాసుగా కత్తిరించేది. అందుకే ఆ కాలం చోళీ రబ్బరు లేకుండానే ఒంటికి పట్టేది. మళ్ళీ మొదలుపెట్టాను.

ఎడమ కటోరీకి మాత్రం కొలత లేకుండా నేను కత్తెర పట్టను. అమ్మ ఏ దొరసానికీ అలా కుట్టలేదు. "ఏ ఆడమనిషికి రెండు దిక్కులు ఒక్క తీరుగ ఉండయి బిడ్డా, రెండు కొలువాలె" అనేది. అరవై తొమ్మిది గొడవల్లో బస్సులు బందై నువ్వు కట్టుబట్టలతో మా ఇంట్లో ఇరుక్కుపోయిన రోజులు మరిచావా? పదకొండు రోజులు ఒకే దుప్పటి కప్పుకున్నాం. అప్పటికప్పుడు నీకు రెండు జాకెట్లు కుట్టాను. చక్కిలిగిలి అని నువ్వు గంతులేస్తున్నా రెండువైపులా కొలిచాకే వదిలాను.

ఆ విమలను ఆదివారం బస్సెక్కించి పంపు. లేదంటే నేనే వస్తాను, నిన్ను చూసి కూడా చాలా కాలమైంది.

రమ్మంటావని ఎదురుచూస్తూ,
సఫియా


మొగుళ్లపల్లి,
24-8-1983

ప్రియమైన సఫియాకు,

ఇక ఆ పని వదిలేయి. విమల రాదు. ఒళ్ళు చూపించుకుంటూ తిరిగే ఓపిక ఆమెకు లేదు. చూడాల్సిన వాళ్ళందరూ చూశారు, చాలు. వేషం వద్దనుకుంటున్నాం.

నువ్వు రావద్దు. బాగా లేని ఇంటికి వచ్చి ఏం చేస్తావు? కోపం తెచ్చుకోకు.

సరళ


జనగామ,
31-8-1983

ప్రియమైన సరళా,

ఈ ఉత్తరం పార్శిల్లో పెడుతున్నాను. ముందు చదువు, తర్వాత తొడుక్కో.

దారం అందిన రోజే అది నీ కొలత అని తెలుసు. నీ భుజం నుంచి నడుము దాకా ఎంతో నాకు ఇంకొకరు చెప్పాలా? బేగం వేషం నువ్వే కొట్టేసి, సిగ్గుపడి విమల పేరు చెబుతున్నావని నవ్వుకున్నాను. ఎడమ ముడి మొదటిసారి అలవాటుకొద్దీ అడిగాను. రెండోసారి అనుమానంతో అడిగాను. "చూడాల్సిన వాళ్ళందరూ చూశారు" అన్న నీ మాట చదివాక అన్నం సహించలేదు. ఉండబట్టలేక అక్తర్‌ను మీ ఊరు పంపాను. పొలం దగ్గరే వెంకట్రాంను కలిశాడు. "ఏప్రిల్ల హైద్రాబాద్ దవాఖానల ఎడమ రొమ్ము తీసేసిన్రు భాయ్. గడ్డ మంచిది కాదన్నరు. ఎవ్వలకు చెప్పద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నది" అన్నాడట.

చోళీ ఎడమ కటోరీలో దూది నింపిన సంచి కుట్టాను. దూది ఒక్కటే అయితే తేలిపోయి పైకి జరుగుతుంది, అందుకని అడుగున నాలుగు మడతల ముతక బట్ట పెట్టాను. ఉతకాలంటే సంచి బయటికి వస్తుంది. కుట్లన్నీ బయటివైపు తిప్పాను, లోపల ఏదీ ఒరుసుకోదు. ముడి వీపు మీంచి పక్కకు తెచ్చాను, ఎవరి సాయమూ లేకుండా వేసుకోవచ్చు. పైన వేసుకునే కుర్తీ కూడా ఉంది. ఆ కాలంలో ఇలా కుట్టేవాళ్ళు కాదని నాటకం వాళ్ళు అంటే నాతో మాట్లాడమను.

నాకు చాలా కోపంగా ఉంది సరళా. హైదరాబాదు రైలు జనగామ మీదుగానే పోతుంది. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. స్టేషన్ నుంచి మా ఇల్లు పది నిమిషాల నడక. నువ్వు దిగలేదు. అంత పరాయిదాన్నైపోయానా?

సఫియా


మొగుళ్లపల్లి,
6-9-1983

నా సఫియాకు,

నాటకం లేదు. విమల లేదు. నా సెలవు అయిపోయి ఐదో తారీఖున బడికి పోవాలి, అంతే. నిలబడి పాఠం చెబుతుంటే పిల్లలు, టీచర్లు ఎక్కడ చూస్తారో అన్న భయంతో రాజీనామా కూడా రాసిపెట్టాను. ఇలాంటిది కావాలని పరకాలలో మగవాళ్ళ దుకాణంలో ఎట్లా అడగను? పాతకాలం బట్ట, నాటకం కోసం అని నీకు రాస్తే ఎవరికోసమో అడిగినట్టుంటుందనుకున్నాను. కుడి కొలత ఒక్కటి చాలుతుందనుకున్నాను. మీ అమ్మ పద్ధతి సంగతి మరిచాను.

నిన్న అది తొడుక్కుని, పైన చీర కట్టుకుని బడికి పోయాను. ఆపరేషన్ అయినవైపు చేయి ఇంకా పైకి లేవదు, కుడిచేత్తోనే బోర్డు నిండా రాశాను. ఎవరూ చూడలేదు. ఏడో తరగతిలో సగం మంది భిన్నాలు మరిచిపోయారు, వాళ్ళ బాధ వాళ్ళది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పే ఓపిక కూడా లేక గడప మీదే కూర్చుండిపోయాను. కానీ ఇది బడి అలసట, పదహారేళ్ళుగా నాకు తెలిసినదే. రాజీనామా కాగితం చింపేశాను.

ఇక నీ కోపానికి జవాబు. వచ్చేటప్పుడు ఆ ఒంటితో నీకు కనపడలేక దిగలేదు. పోయేటప్పుడు కూడా రైలు జనగామలో ఆగింది. వెంకట్రాం అడిగాడు కూడా: "దిగుదమా? సఫియాను చూసి రేపటి బండికి పోదం." నేను వద్దని కిటికీ దించేశాను. దిగితే నీ ఒళ్ళో తలపెట్టుకుని ఏడుస్తాను, ఏడిస్తే నువ్వు మీ ఇంట్లోనే పడుకోబెడతావు, ఇక ఏ దవాఖానకూ పోను. నా సంగతి నాకు తెలుసు. బతకాలని ఉండే దిగలేదు సఫియా.

నీ
సరళ