పెరటి గూట్లోని గాజు గ్లాసు

నా డైరీ: బీదర్, 1974 మే, ఆదివారం రాత్రి

నువ్వు పిరికివాడివి. పత్రికల్లో కులం మీద నిప్పులు కురిపించే నువ్వు ఇవాళ సొంత ఇంట్లో నోరు మూసుకున్నావు.

హుమ్నాబాద్ నుంచి మాణిక్యయ్య వచ్చాడు. చదువుకునే రోజుల్లో హైదరాబాదులో ఇద్దరం ఒకే గ్లాసు ఐస్‌క్రీమ్ సోడా కొనుక్కొని, రెండు చెంచాలతో తినేవాళ్లం. ఆ ముచ్చట మళ్లీ తీర్చుకుందామని గోలీసోడా కొట్టి, గులాబీ షర్బత్ కలిపి, పైన ఐస్‌క్రీమ్ వేయబోయాను. నా భార్య సుశీల మాకు స్టీలు గ్లాసులు పెట్టి, అతనికి పెరటి గూట్లోంచి గాజు గ్లాసు తెచ్చింది. అది మాదిగవాళ్లు వస్తే ఇవ్వడానికి విడిగా ఉంచిన గ్లాసు. ఆ సంగతి అతనికీ తెలుసు.

"అన్నా, అప్పుడు ఇద్దరికి ఒక్కటే గిలాస ఉండె. ఇప్పుడు గిలాసలు మస్తుగైనయి!" అని నవ్వాడు.

నేనేమన్నాను? ఐస్‌క్రీమ్ ఇంకొంచెం వేయనా అన్నాను.

తాగి, తన గ్లాసు తానే కడిగి, గూట్లో పెట్టి వెళ్లిపోయాడు.

"ఆయనే ఏమనలే. మీకేమైంది?" అంది సుశీల, నా ముఖం చూసి.

ఇన్నేళ్ల రాతలు నా గుమ్మమే దాటి లోపలికి రాలేదు. ఇక ఊరికేం చెప్పను...

నీ ముందు పెడుతున్న డిమాండ్లు:
ఆ గ్లాసు వంటింట్లోకి రావాలి.
దాంట్లో ముందు నువ్వు తాగాలి.
హుమ్నాబాద్ పోయి, మాణిక్యయ్య ఇంట్లో మంచినీళ్లు అడగాలి. ఇస్తే తాగాలి.
అప్పటిదాకా కలం ముట్టొద్దు.