ఒడ్డున ఆగిన రెండు రోజులు

తమ్ముడు బీరన్నకు, సూర్యాపేట నుంచి అక్క రాస్తున్నది.

ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనివ్వవు, అందుకే ఉత్తరం. సరిహద్దులో జవానుగా ఉన్న నా కొడుకు మహేశ్వర్ నుంచి తొమ్మిది రోజులుగా కబురు లేదు. వార్తల కోసం ఫోన్లో వెతుకుతుంటే, మన సైన్యం సరిహద్దు నది ఒడ్డున ఆగిందన్న వార్త కింద నీ కామెంట్ కనిపించింది. “ఇంక ఆగుడెందుకు? ఒక్క దినంల నది దాటి ఖతం చెయ్యాలె” అని రాశావు. కోడలు కూడా చదివింది. “ఇది బీరన్న మామ రాసిందేనా అత్తమ్మా?” అని అడిగి, ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

పోయినేడు దామరచర్ల దగ్గర మూసీ దాటాల్సి వచ్చినప్పుడు నువ్వు గొర్రెల మందను రెండు రోజులు ఒడ్డునే ఆపావు. కర్రతో లోతు చూసుకున్నావు. ముందు నువ్వొక్కడివే దిగి అవతలికి పోయి వచ్చావు. ఒడ్డు మీద నిలబడి తొందరపెట్టిన వాళ్లను “గొర్లు మీయా, నాయా?” అని అడిగావు. ఒక్క పిల్ల కూడా కొట్టుకుపోలేదు.

కామెంట్ తీసెయ్యమని చెప్పను, అది నీ ఇష్టం. మహేశ్వర్ ఫోన్ చేస్తే నీకూ చెబుతాను. ఆ మూసీ ఒడ్డు మాటే నిన్ను తిరిగి అడుగుదామని నీ కామెంట్ కింద రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను. వాడు నీ చేతుల మీద పెరిగినవాడు. నీవాడా, నావాడా అని నిన్నెట్లా అడగను?

— అక్క