గువ్వలకొండ చుట్టూ అగ్గి

పుంగనూరు
6-1-1986

నా మీద ఎంత అలిగినా నా ఉత్తరాన్ని చివరిదాకా చదివే వసంతక్కకు,

గువ్వలకొండను తగలబెట్టినవాడు మేకల చెంగయ్య. ఈ మాట ఏ బజారులో నిలబడి చెప్పమన్నా చెబుతాను. పోయిన ఏడు ఎండలు మొదలయ్యే వేళకే మన ఊరి వెనక కొండ చుట్టూ మంటలు లేచినప్పుడు ఎవరి పనో తెలియదని అందరూ చేతులు దులుపుకున్నారు. అంతకు ముందు ఏడూ అంతే. పాత గడ్డి కాలితే వానలకు కొత్త గడ్డి లేతగా లేస్తుంది. ఆ లేత గడ్డి మేకలకు. మేకలెవరివి? చెంగయ్యవి. ఇంకేం సాక్ష్యం కావాలి?

సరే, కోపం పక్కన పెడతాను. అసలు సంగతి వేరే ఉంది. అక్కా, మన కొండకు మంచి రోజులొచ్చాయి! వానాకాలంలో మా యువజన సంఘం కొండ మీద నేరేడు, ఉసిరి, రేల మొక్కలు నాటిందని రాశాను కదా. కాలిన మోళ్ళ నుంచి కూడా చిగుళ్ళు లేచాయి. పోయిన వారం ఒక ఎలుగుబంటి వచ్చి పుట్ట తవ్వి చెదలు తినిపోయింది. ఊళ్ళో అందరికీ భయం, నాకు మాత్రం పండగ. తిండి దొరికితేనే కదా అది వచ్చేది!

ఆ పుట్టను చూడడానికే బెంగుళూరు ట్రస్టు నుంచి సుభద్రమ్మగారు జీపులో వచ్చారు. పాడుబడిన అడవులను మళ్ళీ నిలబెట్టడానికి వాళ్ళు డబ్బు పెడతారట. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని కొండంతా ఎక్కి దిగి, ఒకే మాట చెప్పారు. "మేమొక్కళ్ళమే ఇస్తే ఇది మా కొండ అవుతుంది. ఊరు తన వంతు పెట్టాలి, కొండను వాడుకున్నవాళ్ళు వాళ్ళ వంతు పెట్టాలి."

కొండను వాడుకున్నవాళ్ళెవరు? మదనపల్లెలో పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఆ పొయ్యిల్లోకి బండ్ల కొద్దీ కట్టెలు మన కొండ నుంచే పోయాయి. నేను తిన్నగా వాళ్ళ సంఘం పెద్ద బాబు సాహెబ్ దగ్గరికి పోయి, కరపత్రాల్లో చదివిందంతా గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పాను. ఆయన బీడీ ఆర్పి, "అరే భాయ్, అరస్తావు యాల? నాకు చెవుడు లేదు. మీ కొండ మా పొయ్యిలో పోయింది, అబద్ధమా? నువ్వు అడగకపోతే రేపు అల్లా అడుగుతాడు. మా వంతు రాసుకో," అన్నాడు. నేను కొట్లాటకు సిద్ధమై పోయినవాణ్ణి, టీ తాగి వచ్చాను.

ఊరి వంతు కాయకష్టం. నాటడం, నీళ్ళు పోయడం, కాపలా. మూడు వంతులూ కలిస్తే కొండ పచ్చబడుతుంది. అయితే సుభద్రమ్మగారు ఒక షరతు పెట్టారు. ఈ ఎండాకాలం కొండ కాలకుండా గడవాలి. కాలిందా, ఒప్పందం లేదు. చేతిలో డబ్బు తెచ్చి మంటలో ఎవరు పోస్తారు?

అందుకే చెంగయ్య పేరు పెద్ద అక్షరాల్లో వేసి కరపత్రం అచ్చేస్తున్నాను. నేను పనిచేసే ప్రెస్సు ఓనరు "ఒక పూట ఆగి ఎయ్యి అప్పా" అన్నాడు. ఆగను. ప్రెస్సులో పనిచేసి కరపత్రాలు చదివి చెడిపోయానని బావ అంటాడు కదా, ఈసారి ఆయనకూ ఒకటి పంపుతాను.

కోపం సగం, సంతోషం సగంగా,
నీ తమ్ముడు
మునిరత్నం


పుంగనూరు
19-1-1986

అన్నీ తెలిసి నోరు విప్పని అక్కకు,

నీకు తెలుసు. రెండేళ్ళుగా తెలుసు. కుప్పంలో కూర్చుని నా ఉత్తరాలు చదివి ఎలా నవ్వుకున్నావో, ఎలా ఏడ్చావో నాకు తెలియదు.

కరపత్రం అచ్చయిన రోజు సాయంత్రం మన ఇంటికి తీసుకుపోయాను. అమ్మ పొయ్యి దగ్గర సంగటి గెలుకుతోంది. చదవమంది. నేను నాటకంలో రాజులాగా గొంతు పెంచి చదివాను. "గువ్వలకొండను బూడిద చేసిన ద్రోహి చెంగయ్యను నిలదీయండి!" చదివి తలెత్తితే అమ్మ తెడ్డు కింద పెట్టేసి ఉంది.

"ఆయప్ప పేరు తీసెయ్ నాయనా," అంది.

"యాల తియ్యాల?"

"ఆయప్ప పెట్టలేదు. నేను పెట్టినా."

నేను నవ్వాను అక్కా. అమ్మ తమాషా చేస్తోందనుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని చెప్పింది. "నువ్వు మదనపల్లె ఆసుపత్రిలో కామెర్లతో కండ్లు తెరవకుండా పడుంటే గంగమ్మకు మొక్కుకున్నా. బిడ్డ లేస్తే మూడేండ్లు గువ్వలకొండ సుట్టూ అగ్గి తిప్పుతానని. మా అమ్మా అట్లే తిప్పింది, మా అవ్వా తిప్పింది. రెండేండ్లు అయింది. శివరాత్రి లోపల ఇంకొక తూరి ఉండాది."

"ఒక్కదానివే పోయినావా?"

"వసంత వచ్చింది. నిప్పుకుండ అదే పట్టుకునింది."

నేను అరిచాను. ఎన్ని గువ్వలు, ఎన్ని గుడ్లు, ఎన్ని కుందేళ్ళు కాలిపోయి ఉంటాయో తెలుసా అని అరిచాను. అమ్మ అరవలేదు. నా వైపు చూసి, "నువ్వు సావలేదు గదరా," అంది.



అయితే అప్పటికే సగం కరపత్రాలు అతికించేశాను. మర్నాడు చెంగయ్య ఒకటి చేతిలో పట్టుకుని ప్రెస్సుకే వచ్చాడు. కొడతాడనుకుని లేచి నిలబడ్డాను. ఆయన కాగితం విప్పి, "నా పెండ్లి పత్రికలో గూడా నా పేరు ఇంత లావుగా ఎయ్యలేదప్పా," అన్నాడు. పనివాళ్ళంతా నవ్వారు. నేను తల దించుకుని, తప్పయింది మామా అన్నాను. ఇద్దరం కలిసి బజారుకు పోయాం. నేను గోడల మీద చింపుతుంటే ఆయన వెనకే నడుస్తూ, "ఈడొకటి ఉండాది సూడు. ఆడ టీ అంగడి కాడ ఇంకొకటి. పద్దతిగా అతికించినావప్పా, ఊడొస్తే గదా!" అంటూ చూపించాడు.

చివరిది చింపాక అడిగాను. "మీకు తెలుసా మామా, ఎవరు పెట్టిందీ?"

"మీ అమ్మా మీ అక్కా కొండ దిగతాంటే సూసినా."

"మరి చెప్పలేదు యాల?"

"సెప్తే నువ్వు మీ అమ్మ పేరు అచ్చేస్తావు గదా!"

అక్కా, నేను వేసేవాణ్ణే. ఆ సంగతి ఆయనకు తెలిసింది, నాకు తెలియలేదు. నన్ను బాధిస్తున్నది మొక్కు కాదు. నాకు చెప్పలేకపోయారే, మీరిద్దరూ, అది.

ఇప్పుడు నా నిర్ణయం విను. అమ్మ మూడో మొక్కు మానదు. మానితే నాకేదో అవుతుందని ఆమె భయం. నేను పక్కన నిలబడి చేతులు పట్టుకున్నా ఆగదు. నా ప్రాణం పేరు మీద కొండ కాలితే, ట్రస్టు ముందు, బాబు సాహెబ్ ముందు నిలబడే మొహం నాకు లేదు. నువ్వు వచ్చి అమ్మను ఆపు. నెలాఖరు దాకా చూస్తాను. ఆపలేకపోతే ఒప్పందం వద్దని సుభద్రమ్మగారికి నేనే చెప్పేసి, ఊరు విడిచి ఎటైనా పోతాను.

మునిరత్నం


పుంగనూరు
2-2-1986

నిప్పుకుండ మోసిన చేతులు గల మా అక్కకు,

ఊరు విడిచి పోవడం లేదు! పెట్టె సర్దినదంతా మళ్ళీ తీసేశాను. నీ ఉత్తరం వచ్చింది. నన్ను నువ్వు తిట్టిన తిట్లు తర్వాత చూసుకుందాం. నువ్వు చివర్లో రాసిన ఏనుగుల సంగతే నన్ను నిలబెట్టింది. హోసూరు వైపు అడవుల నుంచి ఏనుగులు దిగి మీ రాగిచేల మీద పడుతున్నాయనీ, గోపాలస్వామి బావ మీ చేను చుట్టూ నెగళ్ళు వేసి వాటిని ఆపాడనీ రాశావు. అది చదివి ప్రెస్సులోనే గంతేశాను. చేను చుట్టూ నిప్పు పెట్టి చేనును కాపాడుకున్నారు కదా! మరి కొండ చుట్టూ నిప్పు పెట్టి కొండను కాపాడలేమా?

కరపత్రాల కట్ట తీశాను. ఉంది అక్కా, నేనే పది సార్లు చదివి దాటేసిన ముక్క! అడవి అంచున ఒక పట్టీ మేర గడ్డిని ఎండలు ముదరక ముందే, మంచు పదును ఉండగానే, మనుషులు దగ్గర నిలబడి కాల్చేయాలి. ఎండాకాలంలో బయటి నుంచి నిప్పు వచ్చినా ఆ పట్టీ దగ్గర తినడానికేమీ లేక ఆగిపోతుంది. అమ్మకు కావలసింది కొండ చుట్టూ అగ్గి. కొండకు కావలసిందీ అదే!

అమ్మకు చెబితే వెంటనే ఒప్పుకోలేదు. గుడి దగ్గరికి పోయి చాలాసేపు కూర్చుని వచ్చింది. "నా సేత్తోనే ముట్టించాల. పొగ మన వాకిట్లోకి కనపడాల. సుట్టూ తిరిగి మొదలుపెట్టిన సోటికే రావాల. సగంలో ఆరిపోతే మొక్కు తీరినట్టు కాదు, నేను మళ్ళా పోతా," అంది. చూశావా? ట్రస్టు షరతు ఒకటి, మా అమ్మ షరతు దానికి తాత!

సుభద్రమ్మగారికి పోస్టాఫీసు నుంచి ట్రంకు కాల్ చేశాను. "నిప్పు రాకూడదని నేనంటే, నువ్వే నిప్పు పెడతానంటావా?" అని ఆమె అక్కడ అరుపు, "పట్టీ అమ్మా, పట్టీ!" అని నేనిక్కడ అరుపు. స్టాంపుల కోసం వచ్చినవాళ్ళంతా మా కొండ సంగతి విన్నారు. దాచడం ఎందుకని మొక్కు సంగతి కూడా చెప్పేశాను. ఆమె అంతా విన్నారు. తర్వాత, "నేను వస్తాను. నిప్పు పట్టీ దాటి లోపల ఒక్క మొక్కను ముట్టుకున్నా సంతకం పెట్టను. దాటకపోతే అక్కడే పెడతాను," అన్నారు.

ఇక ఊరు చూడాలి నువ్వు! గడ్డి కోసి పట్టీ అంచులు శుభ్రం చేస్తున్నారు, మధ్యలో మాత్రం కాలడానికి వదిలారు. లోపలి అంచున చెంగయ్య మేకలను కట్టి నున్నగా మేపుతున్నాడు. "మేకలకు కూలెంతప్పా?" అని రోజూ నన్ను ఏడిపిస్తాడు. మూడేళ్ళు వాటిని కొండెక్కించనని, గడ్డి కోసుకుని మోసుకుపోతానని పదిమందిలో మాటిచ్చాడు. బాబు సాహెబ్ లారీలో నీళ్ళ పీపాలు, మనుషులను పంపుతున్నాడు. "రోజంతా మంట ముందర కూర్చునేవాళ్ళం, మాకు భయం లేదు భాయ్. మీ అమ్మకు సలాం చెప్పు," అన్నాడు.

కొత్త కరపత్రం అచ్చయింది. చెంగయ్య పేరు పాత సైజులోనే ఉండాలని ఆయనే పట్టుబట్టాడు. వేశాను. పైన ఇంకో పేరు వేశాను, అంతకంటే లావుగా: రెడ్డెమ్మ. అమ్మను అడిగే వేశాను. ఆమెకు చదవరాదు కదా, అక్షరాల మీద వేలు పెట్టి తడిమి చూసుకుంది.

ఒక్కటే లోటు. నిప్పుకుండ పట్టుకునే మనిషి లేదు. నేను పడతానంటే అమ్మ తల అడ్డంగా ఊపింది. "అది పట్టుకున్న కుండ. అదే పట్టుకోవాల," అంది. శనివారం మధ్యాహ్నం బస్సుకు పలమనేరు వచ్చి పుంగనూరు బస్సు ఎక్కు. నేను స్టాండులో ఉంటాను. బావను తీసుకురా, నెగళ్ళు వేసిన చెయ్యి మాకు కావాలి. నన్ను తిట్టేదేమైనా మిగిలి ఉంటే దారిలో తిట్టు.

అందరికీ చెబుతున్నదే నీకూ చెబుతున్నాను. ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. తెల్లవారుజామున ఐదున్నరకు గువ్వలకొండ కింద పెద్దబండ దగ్గర అందరూ చేరాలి. మంట కొట్టి ఆర్పడానికి చేతికొక పచ్చి కానుగ మండ, ఇంటికొక బిందె నీళ్ళు. మంచు ఆరకముందే, గాలి లేవకముందే, అగ్గి మొదలైన చోటికి తిరిగి రావాలి. ఆలస్యంగా రావద్దు!

నీ కోసం బండ దగ్గర ఎదురుచూసే
తమ్ముడు
మునిరత్నం