‘సర్దుకుంటారు’ అన్న మాట కొట్టివేయుట గురించి

గౌరవనీయులైన పారిశుద్ధ్య విభాగపు పెద్ద అధికారి గారి సముఖమునకు,
వెనక వీధిలో పరుపులు కుట్టుకొని బ్రతుకువాడు వ్రాసుకొను అర్జీ.

విషయం: మా వీధి వెనక ఖాళీ స్థలములో చెత్త యార్డు పెట్టుటకు తమరు అంటించిన ప్రకటనలో, మా స్వభావమును గూర్చి మూడవ పేరాలో వ్రాసిన వాక్యమును కొట్టివేయుట, తదుపరి యార్డును కూడా కొట్టివేయుట – గురించి.

అయ్యా,

తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ఈ వీధిలో పరుపులు, దిండ్లు కుట్టుచున్నాను. మా నాన్న కూడా ఇదే గదిలో ఇదే పని చేశాడు. ఇంతవరకు మా ఇంటి నుండి ప్రభుత్వమునకు ఒక్క అర్జీ కూడా రాలేదు. వీధి దీపము వెలగకపోయినా రాలేదు, కుళాయిలో నీళ్ళకు బదులు గాలి వచ్చినా రాలేదు. అందువలన అర్జీ ఎట్లు వ్రాయవలెనో నాకు తెలియదు. ఎదురింటి మంగలి షాపు ఆయనను అడిగితే, "గ్రాంథికంలో రాయి బావా, మనం మాట్లాడుకునేట్టు రాస్తే వాళ్ళు చదవరు" అన్నాడు. ఆ ప్రకారము వ్రాయుచున్నాను. మధ్యలో భాష జారినచో క్షమించవలెను.

1. గుట్ట కింది ఊరివారు, తమ ఊరి పక్కన చెత్త యార్డు పెట్టరాదని కోరుచూ, తమ కార్యాలయమునకు కాలినడకన వచ్చిన సంగతి తమకు విదితమే. తమరికి వాళ్ళు గేటు దగ్గర కనబడ్డారు. మాకు దారి మధ్యలో కనబడ్డారు. గేటు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ చేతుల్లో జెండాలున్నాయట. మా వీధికి వచ్చేసరికి చేతుల్లో చెప్పులున్నాయి, తెగిపోయి.

సాయంత్రము వాన పట్టినది. వాళ్ళు మా చూరుల కింద గోడలకు అతుక్కుని నిలబడ్డారు. లోపలికి రానిమ్మని ఎవరినీ అడగలేదు. అడగనివాళ్ళను చూస్తే నా భార్యకు కాలు నిలవదు. తలుపు బార్లా తీసి, "బయట నిలబడి ఎవర్ని ఉద్ధరిస్తారు, రండి లోపలికి" అని కేకేసింది. ఆ కేకకు వీధిలో మిగతా తలుపులు కూడా తెరుచుకొన్నవి. మంగలాయన కుర్చీలు గోడకు నెట్టి అద్దాల మధ్య జనాన్ని పడుకోబెట్టాడు. ఒంటిగది అత్తమ్మ అని మా వీధిలో ఒక పెద్దామె ఉన్నది. పేరులోనే ఉన్నట్టు ఆమెకున్నది ఒకటే గది. అది చంటిపిల్ల తల్లికి ఇచ్చేసి, తాను గడప మీద మోకాళ్ళు ముడుచుకొని కూర్చున్నది.

నేను నా దగ్గరున్న పరుపులన్నీ పరిచాను. లాడ్జీవాళ్ళ కోసం కుట్టినవి కూడా పరిచాను. అవీ చాలక దూది మూటలు విప్పి నేలంతా పోశాను. పొద్దున వాళ్ళు లేస్తే తల నుంచి కాలి దాకా దూదే. ముసలివాళ్ళూ పడుచువాళ్ళూ అందరూ ఒకే వయసు వాళ్ళలాగా ఉన్నారు. ఒకళ్ళ తల ఒకళ్ళు దులుపుకుంటూ ఎంత నవ్వారో! అంతమంది నవ్వు మా వీధి మళ్ళీ వినలేదు.

ఆ సాయంత్రము మా వీధిలో ప్రతి గడప దగ్గరా వినబడిన మాట ఒకటే. "మీకు ఇబ్బంది కదండీ" అని వాళ్ళు, "ఫర్వాలేదు, సర్దుకుంటాం" అని మేము. ఈ మాటను తమరు దయచేసి గుర్తుంచుకొనవలెను. నా గోడు అంతా దీని మీదనే ఉన్నది.

2. ఆ నడకకు పెద్దదిక్కుగా ఒకావిడ ఉన్నది. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్క అనే పిలిచేవారు. ఆమె మా ఇంట్లో దిగినది. తడి తల తుడుచుకొనేలోపే నన్ను అన్నయ్యా అన్నది, నా భార్యను వదినా అన్నది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకొనవలసి ఉన్నది. నేను మా అమ్మానాన్నలకు ఒక్కడినే. ఆడపడుచు పోరు లేని ఇల్లని నా భార్య పుట్టింటివారు సంబరపడి పిల్లనిచ్చారు. వాళ్ళ సంబరం వాళ్ళది. వదినా అని పిలుస్తూ వంటింట్లోకి వచ్చే మనిషి లేదన్న లోటు మాత్రం ఈమెకు అట్లాగే ఉండిపోయింది. ఆ పూట తీరింది. ఇద్దరూ గడపకు చెరోవైపు కూర్చుని, చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళలాగా నామీద చాడీలు చెప్పుకున్నారు.

అక్క పాదంలో గాజుపెంకు దిగబడి ఉన్నది. నా భార్య ఉప్పునీళ్ళు కాచి, ఆ కాలు తన ఒళ్ళో పెట్టుకొని, నా సూదితోనే పెంకు తీసినది. తర్వాత లోపలికి పోయి తన కొత్త చెప్పులు తెచ్చి ముందు పెట్టినది.

"మరి నువ్వేం వేసుకుంటావు వదినా?"

"నేనెక్కడికి పోవాలి, వంటింటికీ కుళాయికీనా? సర్దుకుంటాలే, వేసుకో."

3. పొద్దున బయలుదేరే ముందు అక్క మా వెనక గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటూ, "ఇంత జాగా ఉందే వదినా, ఎవరిదిది?" అని అడిగినది.

నా భార్య గొప్పగా చెప్పింది. "సర్కారుదే. మేమే వాడుకుంటాం. ఈయన పరుపులు ఎండేసుకుంటారు, పిల్లలు ఆడుకుంటారు. ఇన్నేళ్ళలో ఒక్కడొచ్చి అడిగింది లేదు."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమనే మాటను నేను మా నాన్న నోట విన్నాను. లెక్కపెడుతుండగా చూడటం అదే మొదలు. అయితే చూస్తున్నది లెక్కని అప్పుడు నాకు తెలియదు. అక్క కూడా అప్పటికి లెక్కపెట్టలేదనీ, ఊరికే అడిగిందనీ నా భార్య వాదన.

4. ఈ అంశములో అక్కను గూర్చి నేను వ్రాసిన మాటలను నా భార్య కొట్టించినది. ఇక్కడ ఏమియూ లేదని తమరు అనుకొనరాదు. చాలా ఉన్నది.

5. తదుపరి, గుట్ట కింది ఊరికి చెత్త రాదని తమరు మాట ఇచ్చినట్లు మంగలి షాపు టీవీలో వచ్చినది. సగం గడ్డం గీయించుకొన్నవాడు కూడా లేచి చప్పట్లు కొట్టినాడు. ఒంటిగది అత్తమ్మ కళ్ళు తుడుచుకొన్నది. అక్క మెడలో దండ చూసి నా భార్య, "మా ఆడపడుచు" అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చూపించింది. వాళ్ళ ఊరికి రాకపోతే ఆ చెత్త మరి ఎక్కడికి పోతుందని మాలో ఒక్కరు కూడా అడగలేదు. చెత్త ఆవిరై పోదు కదా అయ్యా. మా బుద్ధికి అది తట్టలేదు. అంత సంతోషంలో ఎవరికి తడుతుంది?

తిరుగు ప్రయాణంలో మళ్ళీ మా వీధిలోంచే వస్తారని నా భార్య నీళ్ళు కాచి ఉంచింది. నేను పరుపులు దులిపి పెట్టాను. వాళ్ళు రాలేదు. తమరే ఏర్పాటు చేసిన బస్సుల్లో, ఊరి బయటి రోడ్డు మీదుగా పోయారని తర్వాత తెలిసింది. "అలిసిపోయి ఉంటారు పాపం" అన్నది నా భార్య. నేనూ పాపమే అన్నాను.

6. ఆ పిమ్మట తమ సర్వేయరు గారు టేపు పట్టుకొని మా వెనక జాగాలోకి దిగినారు. ఆరేసిన పరుపుల మధ్యలోంచి కొలుచుచున్నారు. ఏమిటండీ ఇది అంటే చెత్త యార్డు అన్నారు.

"ఇదేంటండీ, మమ్మల్ని ఒక్క మాట అడగరా?" అన్నది నా భార్య.

ఆయన మంచి మనిషి. టేపు చుట్టి, చెమట తుడుచుకొని, "అడిగాంగా అమ్మా, మీవాళ్ళనే అడిగాం. మా సారు ‘సరే, మరెక్కడ పెట్టమంటారు?’ అంటే, ఆ నడిచొచ్చిన అక్కే చెప్పింది. వెనక వీధి వెనకాల సర్కారు జాగా ఉందని, అక్కడి జనం చాలా మంచివాళ్ళని, సర్దుకుంటారని" అన్నారు.

నా భార్య చేతిలో దిండు ఉన్నది. దానిని రెండు దెబ్బలు దులిపినది. "ఆమె అట్లా అని ఉండదు" అన్నది. అదే మాట ఆ రోజంతా అన్నది. వారము తిరగక ముందే తమ ప్రకటన మా గోడ మీద అంటించినారు. అందులో మూడవ పేరా: ‘స్థానికులు సర్దుకుపోవు స్వభావము గలవారు అగుటచే అభ్యంతరములు ఉండబోవని భావించడమైనది.’ నా భార్య చదివినది. అప్పటి నుండి ఆ గోడ వైపు చూడకుండా కుళాయికి పోయి వచ్చుచున్నది.

ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళున్నారు, విన్నాం. దాటించిన తెప్ప మీదనే తమ చెత్త పోసినవాళ్ళను ఇప్పుడు చూశాం.

7. యార్డు వచ్చినచో మాకు కలుగు నష్టము: దూదికి ముక్కు లేదు గానీ, వాసనను మాత్రం మనిషికన్నా ముందు అది పడుతుంది. పట్టిందంటే వదలదు. ఎండలో వేస్తే పోవాలి. ఎండ ఉన్న జాగా అదొక్కటే. అక్కడే చెత్త పోస్తే ఇక ఎక్కడ ఆరబెట్టాలి? కుళ్ళు వాసన కొట్టే పరుపు మీద ఎవరు పడుకుంటారు? తమరు పడుకుంటారా? కోపము కాదు, అడుగుచున్నాను. నాకు ఈ పని తప్ప ఇంకొకటి రాదు. నాతో పాటే మా ఇంట్లో ఈ పని ఆగిపోతుంది.

8. సర్దుకొనుట అనగా ఏమో తమకు మనవి చేయుట అవసరమైనది. సర్దుకోవడమంటే ఎదుటి మనిషిని చూసి మనంతట మనం పక్కకు జరగడం. ఇంకొకరు పట్టుకొని జరిపితే దానిని సర్దుకోవడమనరు. మేము మనుషులకు సర్దుకున్నాం. మనిషి పొద్దున్నే లేచి, దుప్పటి మడిచి, పోయొస్తానని చెప్పి పోతాడు. చెత్త పోదు. కూర్చోను చోటిస్తే కాళ్ళు చాపాడని సామెత ఉన్నది. మేము కాళ్ళు చాపుకోవడానికే చోటిచ్చాం కనుక ఆ సామెత కూడా మాకు సరిపోదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నది సరిపోతుంది. నా వృత్తికి కూడా సరిపోతుందని మంగలాయన అన్నాడు. నవ్వు రాలేదు.

9. మనం కూడా జెండాలు పట్టుకొని నడుద్దామని మా వీధివారు అన్నారు. నేనే వద్దన్నాను. తమ కార్యాలయము దూరము. దారిలో ఒక రాత్రి అయినా ఎవరి గుమ్మంలోనో తలదాచుకోవాలి. వాళ్ళు అన్నం పెడతారు, కాళ్ళకు నీళ్ళిస్తారు, ఫర్వాలేదు సర్దుకుంటాం అంటారు. తర్వాత తమ గదిలోకి పోయినప్పుడు తమరు మమ్మల్ని కూడా అదే ప్రశ్న అడుగుతారు: ‘సరే, మరెక్కడ పెట్టమంటారు?’ అప్పుడు నా నోట ఏ వీధి పేరు వస్తుందో నాకు తెలియదు. అక్క కూడా బయలుదేరినప్పుడు మంచిదే అయి ఉంటుంది. ఆ భయముతో నడక మాని ఈ అర్జీ పెట్టుకొనుచున్నాను.

కావున తమరు దయతో,

(అ) మూడవ పేరాలోని సదరు వాక్యమును కొట్టివేసి, ‘స్థానికులను ఎవరూ అడగలేదు’ అని నిజము వ్రాయవలెను.

(ఆ) యార్డును మా వెనక పెట్టరాదు. ఎక్కడ పెట్టమంటావని మాత్రం నన్ను అడగరాదు. నేను చెప్పను.

ఇది తప్ప నేను కోరునది వేరొకటి లేదు. తీరిక చేసుకొని చిత్తగించవలెను. మంచివాళ్ళని విని పక్కన పెట్టవద్దు.

ఇట్లు,
ఈ ఒక్క విషయములో తప్ప మిగతా అన్నిటిలో
తమ విధేయుడు,
పరుపులు కుట్టువాడు, వెనక వీధి.

తాజా కలం: అయ్యా, నేను ఈయన భార్యని. ఈయన కవరు కొనడానికి వెళ్ళారు, ఈలోపు రాస్తున్నా. నాకు గ్రాంథికం రాదు. జాగా సర్కారుదని చెప్పింది నేనే, ఈయన తప్పేం లేదు. నాకు ఒక్కటి తెలియాలి. ఆ రోజు మీ గదిలో ఆ మాట అక్క నోటితో అన్నదా, లేక మీరే అని ఆమె చేత ఊఁ అనిపించారా? అన్నాళ్ళు నడిచిన మనిషి, నిద్ర లేని మనిషి, ఎవరేమన్నా ఊఁ అంటుంది. దానికీ దీనికీ తేడా ఉంది కదండీ. ఆమె అనలేదని మీరొక్క ముక్క రాసి పంపండి చాలు. యార్డు పెట్టుకుంటే పెట్టుకోండి. మేం ఎలాగో సర్దుకుంటాం. ఆ చెప్పులు ఆమెకు వేళ్ళ దగ్గర కాస్త బిగుతు. అంత దూరం ఎట్లా నడిచిందో.

మరల తాజా కలం: పై చేతివ్రాత నా భార్యది. అర్జీలో భాగముగా పరిగణించరాదు. యార్డు పెట్టుకోండి అన్నది చెల్లదు. సర్దుకుంటాం అన్నది అసలే చెల్లదు. ఆ మాట మీద అడ్డంగా గీత కొడదామని కలం పెట్టాను. ఆమె నా పక్కనే నిలబడి చూస్తున్నది. కాబట్టి అది కూడా తమరే కొట్టివేయవలెను.