చెరకు పిప్పి మీద కోళ్లు

9 జూలై 2008
రెండు వేల కోడిపిల్లలు దిగాయి. మా ఆయన రూఫస్ పోయాక నేనొక్కదాన్నే పెంచే మొదటి బ్యాచ్. కింద పరవడానికి ఊక దొరకలేదు. పక్క గానుగ ఎర్రయ్య చెరకు పిప్పి పట్టుకుపొమ్మంటే తెచ్చి పరిచేశాను. పైకి బాగానే ఎండింది.
ఈ బేచ్ పోయిందంటే షెడ్డు మూసేసి అచ్యుతాపురం బట్టల కంపెనీలో పనికి బస్సెక్కేయ్ వొదినా అన్నాడు మా మరిది రోనాల్డ్. చచ్చినా ఎక్కను.

27 జూలై
మూడు రోజులుగా ముసురు.

30 జూలై, ఉదయం 5
షెడ్‌లో పార గీకుతున్న చప్పుడు. రూఫస్ రోజూ ఇదే టైముకి కోళ్ల కింద పరిచిన లిట్టర్ తిరగేసేవాడు. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. లైటు వేసినా కోళ్లు లేవలేదు.

31 జూలై
పిల్లల్ని ఇచ్చే కోళ్ల కంపెనీ సూపర్‌వైజర్ త్రినాధరావు కోడిని తిరగేసి అరికాలు చూపించాడు. నల్లటి పుండు. పిప్పిలో తీపి సావనేదమ్మా, తడికి పులిసిపోయి కాళ్లు తినేత్తంది, ఏటి సేసేవిది అని తల పట్టుకున్నాడు. మొత్తం తీసేసి ఊక వెయ్యాలట. నీళ్ల గొట్టాలు కారకూడదట. రోజూ తిరగెయ్యాలట. వచ్చే గురువారానికి కోళ్లు నడవకపోతే ఇంక పిల్లల్ని ఇవ్వరట.
నడవలేనివి మేత దాకా రాలేక చచ్చిపోతున్నాయి. ఈ రోజు ముప్పై ఏడు.

1 ఆగస్టు
రాయకూడదనుకున్నది రాస్తున్నాను. డిసెంబర్లో ఆ పొద్దున రూఫస్, గుండెల్లో బరువుగా ఉంది రోజలిన్, ఈ పూట నువ్వు తిరగెయ్ అన్నాడు. బద్ధకానికి రోగం పేరు పెట్టకని విసుక్కున్నాను. గంటకి వెళ్తే పార పక్కన పడి ఉన్నాడు.
అప్పటి నుంచి పార ముట్టలేదు. పిప్పి అయితే తిరగెయ్యక్కర్లేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఊక దొరకలేదన్నది అబద్ధం. నేను వెతకలేదు.

2 ఆగస్టు
రోనాల్డ్ చీడికాడ మిల్లు నుంచి ఊక తెచ్చాడు. కోళ్లని ఒక పక్కకి తోలి రెండో పక్క ఖాళీ చేశాం, మళ్లీ అటు తోలి ఇటు. పార వాడే పట్టాడు. సున్నం చల్లి ఊక పోశాం. ఎందుకొదినా ఈ పాట్లు అని గొణుగుతూనే చీకటి పడేదాకా మోశాడు.

3 ఆగస్టు, ఉదయం 5
మళ్లీ చప్పుడు. దుప్పటి ముసుగేసుకున్నాను. సిగ్గు లేదు నాకు.

4 ఆగస్టు
వెళ్లి పార పట్టుకున్నాను. ఏడుస్తూనే తిరగేశాను.

7 ఆగస్టు
త్రినాధరావు పది కోళ్ల కాళ్లు చూశాడు. పుళ్లు మానుతన్నాయమ్మా, ఇంకో బేచ్ రాసేత్తాను అన్నాడు.

8 ఆగస్టు, ఉదయం 5
తిరగేస్తూ వెళ్తుంటే కోళ్లు లేచి పక్కకి తప్పుకుంటున్నాయి. నాకు కాదు. నాకు నాలుగడుగుల ముందు, ఎవరికో.
నేను పార ఆపలేదు.