అత్తమ్మ కట్టిన నడికట్టు

తాండూరు, 1964 ఆగస్టు, మంగళవారం

వికారాబాద్ డాక్టరు ఇవాళ మళ్లీ సూది గుచ్చి పొట్టలో చేరిన నీరు తీశాడు. కాన్పులతో వేలాడిపోయిన చర్మాన్ని పట్నంలో కోయించుకుని వచ్చినప్పటి నుంచీ కుట్ల కింద నీరు ఊరుతూనే ఉంది. చెయ్యి వేస్తే నీళ్ల తిత్తిలా కదులుతుంది.

"కట్టు విప్పుతున్నరా?" అని అడిగాడు. అత్తమ్మ నన్ను బాలింతలా చూస్తోందని చెప్పాను. రోజూ కట్టు విప్పి, పొట్ట మీద వేడినీళ్లు పోసి, పాత చీరతో మళ్లీ బిగించి కడుతుంది.

"కట్టుడు మంచిదే. వేడినీళ్లు మాత్రం వద్దు. నేను చెప్పేదాక కట్టు విప్పొద్దు" అన్నాడు. చీము పడితే మళ్లీ కోయాలట.

రైల్లో దారంతా దిగులే. అత్తమ్మకు వద్దని ఎలా చెప్పడం? అమ్మ లేని నాకు మూడు కాన్పుల్లోనూ నడుముకు కట్టు కట్టినవాళ్లు లేరు. కంది చేన్లంటూ తిరిగిన అత్తమ్మ అప్పట్లో నా గదివైపే రాలేదు. ఇప్పుడేమో...

ఇంటికి వచ్చేసరికి నీళ్లు కాగుతున్నాయి. డాక్టరు అన్నది చెప్పాను. అత్తమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. అక్కడి నుంచే అంది, "నీ కాన్పులప్పుడే నేను కట్టుంటే గీ కోత నీకు తప్పుతుండె బిడ్డా."

తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని, నా నడుం మీద జారిన కట్టు ముడిని బిగించింది.

ఆ ముడి మీద చెయ్యి పెట్టుకుని రాస్తున్నాను. కింద మళ్లీ నీరు ఊరుతోందో ఏమో. కట్టు మాత్రం విప్పను.